టూరు ఫ్రీ... పన్ను ఎవరిది?

సగం ధరకు విమానం టికెట్ దొరికితే అది ఆదాయమా? టార్గెట్ కొట్టినందుకు కంపెనీ బ్యాంకాక్ తీసుకెళ్తే? సింగరేణి కార్మికుడి సెలవు ప్రయాణ రాయితీ (ఎల్‌టీసీ)లో మిగిలిన డబ్బు సంగతేంటి? ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వేల కుటుంబాలకు సంబంధించిన ఈ ప్రశ్నలకు చట్టంలో జవాబులున్నాయి. అవి చాలామందికి టూరు ముగిసి, రిటర్ను వేసే రోజున గానీ తెలియడం లేదు.

వానాకాలం ముంగిట ఆదిలాబాద్, నిర్మల్, ఆసిఫాబాద్, జగిత్యాల పట్టణాల్లో విత్తనాలు, ఎరువుల దుకాణాలు కిటకిటలాడతాయి. పత్తి గింజల కోసం రైతులు వరుస కడతారు. ఆ కౌంటర్ వెనుక రైతు కంట పడని కాగితం ఒకటి ఉంటుంది. అది కంపెనీ ఇచ్చిన స్కీమ్ లెటర్. ఎంత సరుకు ఎత్తితే గోవా, ఎంత ఎత్తితే బ్యాంకాక్, ఇంకెంత ఎత్తితే ఇంటావిడతో కలిసి దుబాయ్ అన్నది అందులో వరసగా ఉంటుంది. సిమెంటు, పెయింట్లు, టైర్లు, మోటారు పంపులు, ఏ డీలర్‌షిప్ తీసుకున్నా ఇదే పద్ధతి. సీజన్ అయిపోగానే పాస్‌పోర్టు జిరాక్సులు కంపెనీకి వెళతాయి. కొన్నాళ్లకు వాట్సాప్ స్టేటస్‌లో సముద్రం ఒడ్డు ఫొటోలు పడతాయి.

మరుసటి ఏడాది రిటర్ను వేయడానికి ఆడిటర్ దగ్గర కూర్చున్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోని వార్షిక సమాచార నివేదిక, అందరూ ఏఐఎస్ అని పిలిచేది, తెరిస్తే అందులో కంపెనీ పేరుతో ఒక వరస కనిపిస్తుంది. పక్కన 194ఆర్ అనే సెక్షన్ నంబరు, ఆ పక్కన లక్షల్లో ఒక విలువ. చేతికి రూపాయి రాలేదు. అయినా అది ఆదాయమే.

డిస్కౌంట్ వేరు, లాభం వేరు

మామూలు ప్రయాణికుడు ముందుగా కంగారు పడాల్సిన పని లేదు. పండుగ సేల్‌లో వెయ్యి రూపాయలకే విమానం టికెట్ దొరికినా, ఆఫ్‌ సీజన్‌లో హోటల్ గది సగం ధరకే వచ్చినా, ఆ మిగిలిన సగం ఆదాయం కిందికి రాదు. అమ్మేవాడు ధర తగ్గించాడు, కొనేవాడు ఆ ధరకు కొన్నాడు. అంతటితో లెక్క సరి.

‘మార్కెట్ విలువ కన్నా తక్కువకు కొంటే ఆ తేడా మీద పన్ను పడుతుందట కదా’ అని కొందరికి అనుమానం. అలాంటి నిబంధన ఉన్న మాట నిజమే. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 56(2)(ఎక్స్) అదే చెబుతుంది. కానీ అది వర్తించేది చట్టం పేర్కొన్న ఆస్తులకు మాత్రమే. భూములు, భవనాలు, షేర్లు, నగలు, బంగారం, చిత్రపటాలు, శిల్పాలు, క్రిప్టో లాంటి డిజిటల్ ఆస్తులు ఆ జాబితాలో ఉన్నాయి. రైలు టికెట్టు, హోటల్ గది, టూర్ ప్యాకేజీ లేవు. ప్రయాణం ఎంత చౌకగా దొరికినా ఆ సెక్షన్ దాని జోలికి రాదు.

మహిళల ఉచిత బస్సు ప్రయాణం గురించీ ఇదే ప్రశ్న వస్తుంటుంది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రమంతా ఆడవాళ్లు జీరో టికెట్‌తో తిరుగుతున్నారు. రోజూ పెద్దపల్లి నుంచి కరీంనగర్‌కు ఉద్యోగానికి వచ్చే మహిళకు నెల తిరిగేసరికి మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు. అయినా ఆమె దాన్ని రిటర్నులో చూపించనక్కర్లేదు. అది జీతంలో భాగం కాదు, వ్యాపారంలో వచ్చిన లాభమూ కాదు. రాష్ట్రంలోని మహిళలందరికీ ఒకే తీరుగా ప్రభుత్వం కల్పించిన సదుపాయం.

పన్ను ఎక్కడ మొదలవుతుందంటే, తగ్గింపు ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ మధ్య కొనుగోలును మించిన సంబంధం ఉన్నప్పుడు. ఇచ్చింది యజమాని అయితే అది జీతంతో ముడిపడుతుంది. సరుకు అమ్మించుకునే కంపెనీ అయితే వ్యాపారంతో ముడిపడుతుంది. చీటీ తీసి ఇచ్చినవారైతే లాటరీ అవుతుంది. ధర ఎంత తగ్గిందన్న దానికన్నా ఎవరికి, ఎందుకు తగ్గించారన్నదే ఇక్కడ ముఖ్యం.

బ్యాంకాక్‌లో ఏ రోజు పని, ఏ రోజు షికారు?

వ్యాపారంలో డబ్బు రూపంలో కాకుండా వచ్చే లాభాలు కూడా ఆదాయమేనని చట్టంలోని 28(4) ఏనాటి నుంచో చెబుతోంది. కానీ టూర్లు, బహుమతులు ఎవరి లెక్కల్లోనూ కనిపించేవి కావు. కంపెనీ దాన్ని ప్రచార ఖర్చుగా రాసుకునేది. డీలర్ ఏమీ రాసుకునేవాడు కాదు. ఆ సందును మూయడానికే 2022 బడ్జెట్‌లో 194ఆర్ తెచ్చారు. 2022 జులై 1 నుంచి అమలైంది. వ్యాపారం లేదా వృత్తి కారణంగా ఒకరికి ఆర్థిక సంవత్సరంలో 20,000 రూపాయలు దాటి లాభమో సదుపాయమో ఇస్తే, ఇచ్చేవారు 10 శాతం టీడీఎస్ (మూలంలోనే కోసే పన్ను) కట్టించాలి. పన్ను కొత్తది కాదు, దాన్ని పట్టుకునే పద్ధతి కొత్తది.

అప్పుడు వ్యాపారులు అడిగిన మొదటి ప్రశ్న డిస్కౌంట్ల గురించే. 2022 జూన్ 16న ప్రత్యక్ష పన్నుల బోర్డు విడుదల చేసిన 12వ నంబరు సర్క్యులర్ దీనికి సూటిగా బదులిచ్చింది. తర్కం ప్రకారం చూస్తే సేల్స్ డిస్కౌంట్, క్యాష్ డిస్కౌంట్, రిబేటు కూడా లాభాలేనని ఆ సర్క్యులర్ ఒప్పుకుంది. అయితే వాటి మీద టీడీఎస్ పెడితే అమ్మేవారు ఇబ్బంది పడతారు కాబట్టి మినహాయిస్తున్నట్టు తెలిపింది. అదే సర్క్యులర్ మరోపక్క ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పింది: టార్గెట్ చేరినందుకు డీలర్‌ను, అతని బంధువులను టూరుకు పంపితే 194ఆర్ వర్తిస్తుంది.

అంటే ఒకే కంపెనీ ఒకే డీలర్‌కు ఇచ్చే రెండు ప్రోత్సాహకాలకు రెండు దారులు. బిల్లులో ధర తగ్గిస్తే టీడీఎస్ లేదు. అదే సొమ్ముతో విమానం ఎక్కిస్తే ఉంది.

‘మాది షికారు కాదు, డీలర్ల సమావేశం’ అనే కంపెనీలూ ఉన్నాయి. సర్క్యులర్ ఆ సమావేశాన్ని రోజులవారీగా విడగొట్టి చూసింది. కొత్త ఉత్పత్తిని పరిచయం చేయడం, అమ్మకం మెలకువలు నేర్పడం, ఆర్డర్లు తీసుకోవడం, సందేహాలు తీర్చడం, ఖాతాలు సరిచూసుకోవడం ప్రధాన ఉద్దేశమైతే ఆ ఖర్చు డీలర్‌కు లాభం కింద రాదు. అయితే టార్గెట్ కొట్టిన వారికి బహుమానంగా పెట్టే సమావేశానికి ఈ వెసులుబాటు లేదు. వెంట వచ్చిన భార్యాపిల్లల టికెట్లు, మధ్యలో దీవికి తీసుకెళ్లిన పడవ ఖర్చు, సమావేశానికి ముందూ వెనుకా అదనంగా ఉన్న రోజులు లాభమే. 2022 సెప్టెంబరు 13న వచ్చిన 18వ నంబరు సర్క్యులర్ చిన్న సడలింపు ఇచ్చింది. సమావేశం మొదలయ్యే ముందు రోజును, ముగిసిన మరుసటి రోజును అదనపు బసగా చూడనక్కర్లేదంది. గుంపుగా చేసిన ఖర్చులో ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టమైతే, కంపెనీ ఆ ఖర్చును తన లెక్కల్లో మినహాయింపుగా చూపుకోకుండా టీడీఎస్ బాధ్యత నుంచి బయటపడవచ్చు.

ఒక లెక్క వేసి చూద్దాం. తలకు 80,000 చొప్పున డీలర్ దంపతుల టూరు విలువ 1,60,000 అనుకుందాం. టీడీఎస్ 16,000. టూరు వస్తు రూపంలో ఉంది కాబట్టి కోసుకోవడానికి నగదు లేదు. అలాంటప్పుడు డీలరే ముందస్తు పన్ను కట్టి చలానా వివరాలు కంపెనీకి ఇవ్వాలి. లేదంటే కంపెనీయే తన జేబులోంచి కట్టాలి. చాలామంది అంతటితో పని అయిపోయిందనుకుంటారు. కానీ టీడీఎస్ బయానా లాంటిదే. డీలర్ 20 శాతం శ్లాబులో ఉంటే, 4 శాతం సెస్‌తో కలిపి ఆ టూరు మీద పడే మొత్తం పన్ను 33,280. మిగతా 17,280 అతను రిటర్ను వేసేటప్పుడు కట్టుకోవాల్సిందే.

టూరు పూర్తిగా ఉచితం కాకుండా, డీలర్ సగం పెట్టుకుని కంపెనీ సగం భరిస్తే? కంపెనీ భరించిన సగమే లాభం. డీలర్ కట్టిన సొమ్ముకు రసీదు ఉండాలి. అది లేకపోతే పూర్తి విలువ అతని ఖాతాలో పడే ప్రమాదం ఉంది.

ఆసుపత్రులకు పేరుపడ్డ కరీంనగర్‌లో ఇది డాక్టర్లకూ తాకే విషయమే. మందుల కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే విదేశీ యాత్రలు, కానుకల ఖర్చును ఆ కంపెనీలు మినహాయింపుగా చూపుకోవడానికి వీల్లేదని అపెక్స్ ల్యాబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 22న తీర్పిచ్చింది. వైద్య మండలి నిబంధనలు ఆ కానుకలు పుచ్చుకోవడాన్నే నిషేధించాయి కాబట్టి, వాటిని ఇవ్వడానికి పెట్టిన ఖర్చుకు పన్ను రాయితీ కుదరదని కోర్టు తేల్చింది.

బొగ్గు గని నుంచి కాశీ దాకా

గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి. ఈ పట్టణాల్లో ప్రయాణ రాయితీ అంటే అందరికీ తట్టేది ఎల్‌టీసీ. సింగరేణి, రామగుండం ఎన్టీపీసీ, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు, అన్ని చోట్లా ఏదో ఒక రూపంలో ఉంది. చాలామంది ఇది మొత్తం పన్ను లేని సొమ్మనే అనుకుంటారు. చట్టం ఇచ్చిన మినహాయింపు మాత్రం చాలా ఇరుకైనది.

సెక్షన్ 10(5), 2బి నియమం ప్రకారం నాలుగు క్యాలెండర్ సంవత్సరాల బ్లాకులో రెండు ప్రయాణాలకే మినహాయింపు. 2022 నుంచి 2025 వరకు ఒక బ్లాకు, 2026 నుంచి 2029 వరకు తర్వాతిది. పాత బ్లాకులో వాడుకోని ప్రయాణం ఒకటి ఉంటే దాన్ని కొత్త బ్లాకు మొదటి ఏడాదిలో వాడుకోవచ్చు. ప్రయాణం దేశం లోపలే ఉండాలి. చార్జీలకే మినహాయింపు. హోటల్, భోజనం, అక్కడ తిరిగిన ట్యాక్సీ లెక్కలోకి రావు. దగ్గరి దారిలో విమానమైతే ఎకానమీ చార్జీ, రైలైతే ఏసీ ఫస్ట్‌క్లాస్ చార్జీ గరిష్ఠ పరిమితి.

చౌక టికెట్ల అసలు మెలిక ఇక్కడుంది. ఆ పరిమితి ఎంత ఉన్నా మినహాయింపు దక్కేది నిజంగా పెట్టిన ఖర్చుకే. మంచిర్యాల కుటుంబం ఒకటి కాశీ యాత్రకు వెళ్లింది, కంపెనీ ఎల్‌టీసీ కింద 30,000 ఇచ్చింది అనుకుందాం. దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్లు తీసుకుని రానూపోనూ 6,000తో యాత్ర ముగిస్తే మినహాయింపు 6,000కే. మిగతా 24,000 జీతంలో కలుస్తుంది. టికెట్ చౌకగా దొరికినందుకు పన్ను పడలేదు. దానివల్ల మిగిలిన ఎల్‌టీసీ సొమ్ము మీద పడింది. అసలు ఊరు కదలకుండా తీసుకున్న మొత్తమైతే మొత్తానికి మొత్తం జీతమే.

2016 జూన్ నుంచి 12బిబి ఫారంతో పాటు ప్రయాణ ఆధారాలు యజమానికి ఇవ్వాల్సిందే. రైలు టికెట్టు, బోర్డింగ్ పాసు పారేసుకుంటే మినహాయింపు పోయినట్టే.

అంతకన్నా పెద్ద మార్పు 2023-24 నుంచి వచ్చింది. కొత్త పన్ను విధానం అందరికీ డిఫాల్ట్ అయింది. ఆ విధానంలో ఎల్‌టీసీ మినహాయింపు లేనే లేదు. ఏసీ ఫస్ట్‌క్లాస్‌లో వెళ్లి టికెట్లు భద్రంగా దాచినా ఒక్క రూపాయి మినహాయింపు రాదు. అయితే 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు, స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే జీతగాళ్లకు 12.75 లక్షల వరకు పన్ను లేదు. కాబట్టి తక్కువ జీతం వారికి దీనివల్ల నష్టం రాకపోవచ్చు. ఓవర్‌టైం, ప్లేడేలు (సెలవు రోజుల పని), దసరాకు ముందు వచ్చే లాభాల వాటా కలిసి ఆ గీత దాటే కార్మికుడికి ఎల్‌టీసీ కూడా పన్ను బరువే.

బొగ్గు గని కార్మికులకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇవ్వాలని, పెర్క్స్ (జీతంతో పాటు ఇచ్చే సదుపాయాలు) మీద పడే పన్నును కంపెనీయే భరించాలని సింగరేణి సంఘాలు అడుగుతున్నది అందుకే. 2023 డిసెంబరు 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లోనూ ఈ మాట గట్టిగా వినిపించింది. నగదు రూపంలో కాని సదుపాయాల మీద పన్నును యజమాని కడితే, ఆ కట్టిన మొత్తాన్ని మళ్లీ ఉద్యోగి ఆదాయంగా చూడరు. చట్టంలో 10(10సిసి) ఇచ్చిన వెసులుబాటు అది. నగదుగా ఇచ్చే అలవెన్సులకు మాత్రం ఆ దారి లేదు.

కొలంబో మీదుగా వెళ్తే?

ఎల్‌టీసీలో ఎక్కువమంది చిక్కుకున్నది విదేశీ మలుపు దగ్గర. స్టేట్ బ్యాంకు ఉద్యోగులు కొందరు ఢిల్లీ నుంచి మదురై వెళ్లి, తిరుగు దారిలో కొలంబో, కౌలాలంపూర్, సింగపూర్ చుట్టి వచ్చారు. ‘మా గమ్యం మదురై, దారిలోనే విదేశం తగిలింది’ అన్నది వారి వాదన. బ్యాంకు కూడా టీడీఎస్ కోయకుండా ఆ మొత్తం చెల్లించింది. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. దేశంలో ఒక చోటు నుంచి మరో చోటికి దగ్గరి దారిలో చేసే ప్రయాణానికే మినహాయింపు అని, విదేశం కలిస్తే అది ఎల్‌టీసీ స్ఫూర్తికే విరుద్ధమని చెప్పింది. టీడీఎస్ కోయని తప్పు బ్యాంకు మీద పడింది.

రైల్వే పాసు, ఆర్టీసీ పాసు

రామగుండం రైల్వే ఉద్యోగి కుటుంబం పాసు మీద రైలెక్కితే పన్ను లేదు. ప్రయాణికులను చేరవేసే సంస్థలు తమ ఉద్యోగులకిచ్చే ఉచిత ప్రయాణాల విలువ కట్టే నియమం నుంచి రైల్వేలను, విమాన సంస్థలను ప్రత్యేకంగా మినహాయించారు. ఆ మినహాయింపులో ఆర్టీసీ పేరు లేదు. 1962 నాటి 3(6) నియమం ప్రకారం ప్రజలకు అమ్మే ధరలోంచి ఉద్యోగి కట్టింది తీసేస్తే మిగిలేది పెర్క్ విలువ.

అయితే ఈ రకం సదుపాయాల మీద పన్ను ఒక స్థాయి దాటిన జీతగాళ్లకే. ఆ స్థాయి ఏళ్ల తరబడి ఏడాదికి 50,000 దగ్గరే ఉండిపోయింది. అంటే దాదాపు ప్రతి ఉద్యోగీ అందులో పడేవాడు. 2025 ఆగస్టులో దాన్ని 4 లక్షలకు పెంచారు. డిపోలో చిన్న జీతం మీద పనిచేసేవారికి ఇది న్యాయమైన ఊరట. రైలు పాసుకు ఉన్న మినహాయింపు బస్సు పాసుకు ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కరీంనగర్ డిపో కండక్టరు, కాజీపేట రైల్వే గార్డు చేసేది ప్రయాణికులను గమ్యం చేర్చే ఒకే పని. ఇద్దరి ఇళ్లనూ చట్టం ఒకేలా చూడాలి.

లక్కీ డ్రాలో థాయ్‌లాండ్

దసరా, దీపావళికి షోరూముల ముందు పెట్టే ‘బంపర్ డ్రా’ బ్యానర్లలో కారుతో పాటు విదేశీ టూరు కూడా ఉంటుంది. కొన్నవారందరికీ ఇస్తే డిస్కౌంట్. చీటీ తీసి ఒక్కరికే ఇస్తే అది లాటరీ గెలుపు. దాని మీద 30 శాతం, సెస్‌తో 31.2 శాతం పన్ను. ఆదాయం ఎంత తక్కువగా ఉన్నా, 12 లక్షల రిబేటు వర్తించే వారైనా దీనికి మినహాయింపు లేదు. బహుమతి విలువ 10,000 దాటితే, పన్ను కట్టినట్టు చూసుకున్నాకే ఇవ్వాలి. లక్ష రూపాయల టూరు గెలిచిన చిరుద్యోగి 31,200 తెచ్చుకోవాలన్నమాట. బ్యానర్ మీద ఈ ముక్క ఎక్కడా ఉండదు.

ఊళ్లలో మరో పద్ధతి ఉంది. కాశీకో, చార్‌ధామ్‌కో, ఉమ్రాకో బస్సెడు మందిని కూడగట్టిన వారికి ట్రావెల్స్ వాళ్లు ఒక సీటు ఉచితంగా ఇస్తారు. ఎప్పుడో ఒకసారి బంధువులను పోగేసుకుని వెళ్లడం వేరు. ఏటా ఇదే పనిగా మనుషులను తెచ్చేవారికి ఆ సీటు కమీషన్‌తో సమానం. వ్యాపార ఆదాయంగా చూపాల్సిందే.

విదేశీ ప్యాకేజీ కొన్నప్పుడు ఏజెంటు వసూలు చేసే టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) చూసి కొందరు అది టూరు మీద పన్ను అనుకుంటారు. 2020 అక్టోబరు 1 నుంచి ఉన్న ఈ వసూలు మన పాన్ ఖాతాలో జమ అవుతుంది. రిటర్ను వేస్తే సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. రిటర్ను వేయని పెద్దవాళ్ల డబ్బు అలాగే ఉండిపోతోంది. ఉమ్రాకు, మానససరోవరానికి వెళ్లివచ్చిన తల్లిదండ్రుల పేరిట పిల్లలు రిటర్ను వేయిస్తే ఆ సొమ్ము ఇంటికొస్తుంది.

గల్ఫ్ టికెట్టు, కార్డు పాయింట్లు

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారికి కంపెనీలు సెలవు మీద ఇంటికి రావడానికి టికెట్ ఇస్తాయి. ఏడాదిలో 182 రోజుల కన్నా తక్కువే ఇండియాలో ఉండే ఇలాంటి కార్మికుడు పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్. అక్కడ చేసిన పనికి అక్కడ వచ్చిన జీతం మీద ఇక్కడ పన్ను లేదు, ఆ జీతంలో భాగమైన టికెట్ మీదా లేదు. ఇక్కడి ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ మాత్రం ఇక్కడి లెక్కే.

క్రెడిట్ కార్డు పాయింట్లతో విమానం ఎక్కేవారు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉన్నారు. సొంత ఖర్చు మీద వచ్చిన పాయింట్లు ధరలో తగ్గింపు లాంటివే. అమెరికాలో ఉద్యోగ ప్రయాణాలతో పోగైన విమాన మైళ్ల మీద పన్ను కోసం వెంటపడబోమని అక్కడి పన్ను విభాగం 2002లోనే ప్రకటించింది. కానీ బ్యాంకు ఖాతా తెరిచినందుకు ఇచ్చిన పాయింట్లతో విమానం టికెట్ కొన్న దంపతుల కేసులో, ఆ 668 డాలర్ల విలువ వడ్డీ లాంటి ఆదాయమేనని అక్కడి ట్యాక్స్ కోర్టు 2014లో తేల్చింది. ఖర్చు పెట్టినందుకు వస్తే తగ్గింపు, డబ్బు దాచినందుకు వస్తే ఆదాయం అన్నది ఆ తేడా. మన వ్యాపారులు దుకాణం ఖర్చులు కార్డు మీద పెట్టి, ఆ పాయింట్లతో ఇంటిల్లిపాదీ టూరుకు వెళ్తున్నప్పుడు ఆడిటర్‌కు ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

ముందే చెప్పాలి

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చేలా పార్లమెంటు ఆమోదించింది. సెక్షన్ల నంబర్లు చాలావరకు మారాయి. 194ఆర్ అని బట్టీ పట్టినవారు దాన్ని కొత్త చట్టంలోని 393వ సెక్షన్ పట్టికల్లో వెతుక్కోవాలి. నంబర్లు మారినా టార్గెట్ టూరు మీద టీడీఎస్ మాత్రం కొనసాగుతోంది.

మారాల్సింది చెప్పే పద్ధతి. ఇంద్రవెల్లిలోనో ధర్మపురిలోనో దుకాణం నడిపే డీలర్‌కు పన్ను కట్టడం ఇష్టం లేక కాదు, ఎంత కట్టాలో టూరుకు ముందు ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇబ్బంది. స్కీమ్ లెటర్‌లోనే టూరు విలువ తలకు ఎంత, టీడీఎస్ ఎవరు కడతారు, భార్యాపిల్లల ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది అన్న మూడు వాక్యాలు తెలుగులో రాయడానికి ఏ కంపెనీకీ పెద్ద శ్రమ కాదు. అది తెలిస్తే డీలర్ టూరు వద్దని, అదే మొత్తాన్ని బిల్లులో డిస్కౌంట్‌గా ఇమ్మని అడగగలడు. ఎల్‌టీసీ మంజూరు పత్రం మీద ‘కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి దీనికి మినహాయింపు లేదు’ అని ఒక్క వాక్యం ముద్రిస్తే గని కార్మికుడు ఏ విధానం ఎంచుకోవాలో ఏడాది మొదట్లోనే తేల్చుకోగలడు. డీలర్ల సంఘాలు, గని సంఘాలు వచ్చే సీజన్‌కు ముందే యాజమాన్యాల నుంచి ఈ వాక్యాలు రాయించుకోవాలి.